గురి చేతిదా, స్క్రిప్టుదా?

కంట్రోలర్‌కూ గేమ్ కన్సోల్‌కూ మధ్య అరచేతిలో ఇమిడే డబ్బా ఒకటి తగిలిస్తారు. క్రోనస్ జెన్, టైటన్ టూ, ఎక్స్‌ఐఎం మ్యాట్రిక్స్... పేర్లు వేరైనా మూలంలో పని ఒకటే. చెయ్యి ఇచ్చిన ఆదేశాన్ని అందుకుని కన్సోల్‌కు చేరవేస్తుంది, కావాలంటే దారిలో దాన్ని మారుస్తుంది. ఎలా మార్చాలో చెప్పేదే స్క్రిప్ట్. తుపాకీ ఆటల్లో గొడవంతా ఆ మార్పు దగ్గరే.

కింద మాట్లాడుకునే ఇద్దరిలో ఒకరిది మచిలీపట్నం, అదే బందరు. కంప్యూటర్ చదువు చదివి, స్క్రిప్టులు తనే రాసుకునే కుర్రాడు. రెండోవారిది గుడివాడ. నెట్ సెంటర్లలో కౌంటర్ స్ట్రైక్ ఆడిన రోజుల నుంచి ఇవాళ్టి బీజీఎంఐ స్క్వాడ్ల దాకా చూసినవారు, కాలేజీ పిల్లలకు పోటీలు పెట్టేవారు. వరసకు బాబాయీ అబ్బాయీ.

బందరు: బాబాయ్, మీరు దీన్ని హ్యాక్ అంటారు. హ్యాక్ అంటే గేమ్ ఫైళ్లలో చెయ్యి పెట్టడం, గోడ వెనకాల ఉన్నవాణ్ని చూపించడం. నా డబ్బాకు తెర మీద ఏముందో కనపడదు, ఎదుటివాడు ఎక్కడున్నాడో తెలీదు. దానికి తెలిసిందల్లా నా బొటనవేలు ఎటు కదిలింది, చూపుడువేలు ఏ బటన్ నొక్కింది, అంతవరకే. రీకాయిల్ స్క్రిప్ట్‌నే తీసుకోండి. ఎల్2 నొక్కి గురి చూస్తున్నానా, ఆర్2 నొక్కి కాలుస్తున్నానా అని పది మిల్లీసెకన్లకోసారి చూసుకుంటుంది. రెండూ నొక్కి ఉంటే కుడి స్టిక్‌ను కాస్త కిందికి లాగినట్టు కన్సోల్‌కు చెబుతుంది. స్టిక్ పూర్తిగా కిందికి లాగితే అంకె వంద. నా స్క్రిప్ట్ కలిపేది ఏ ఇరవయ్యో, ఇరవై రెండో. నడిచేది, దాక్కునేది, ఎప్పుడు కాల్చాలో తేల్చుకునేది నేనే.

గుడివాడ: ఆ ఇరవై రెండు ఎవడి కష్టం అబ్బాయ్? కాల్చినప్పుడు తుపాకీ పైకి లేవడం ఆట తయారుచేసినవాళ్లు కావాలని పెట్టిన అడ్డంకి. మ్యాగజైన్ ఖాళీ అయ్యేలోపు గురి ఎంత పైకి పోతుందో, ఎటు వాలుతుందో ఆడి ఆడి వేలికి అలవాటు చేసుకుంటాడు ఒకడు. ఇంకొకడు అదే పని డబ్బాలోని స్లాట్ నంబర్ మూడులో పెట్టుకుని వస్తాడు. శత్రువు దానికి కనపడక్కర్లేదు. వాణ్ని చూశాక నువ్వు పడాల్సిన కష్టంలో సగం అది పడుతోంది కదా. పైగా తెర కనపడదన్న మాట కూడా అన్ని పరికరాలకూ చెల్లదు. క్యాప్చర్ కార్డు తగిలించి, తెరమీది బొమ్మను కంప్యూటర్ చేత చదివించి, దాన్నిబట్టి స్టిక్ కదిలించే ఏర్పాటు టైటన్ టూ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది.

బందరు: అది నేను వాడను, వాడేవాణ్ని సమర్థించను కూడా. నాది రీకాయిల్ వరకే. ఆ అంకె మాత్రం ఊరికే రాదు బాబాయ్. ముందు డబ్బాను ప్రోగ్ అని రాసున్న పోర్టు ద్వారా కంప్యూటర్‌కు కలపాలి. జెన్ స్టూడియోలో ఫర్మ్‌వేర్ సరిచూసుకుని, ఎనిమిది స్లాట్లలో ఒకదాంట్లోకి స్క్రిప్ట్ ఎక్కించాలి. సొంతంగా రాయాలంటే జీపీసీ అనే భాష ఉంది, సీ భాష వచ్చినవాడికి తేలిగ్గానే వస్తుంది. కంట్రోలర్ బ్లూటూత్‌తో కాకుండా కేబుల్‌తో మాట్లాడేలా సెట్టింగ్ మార్చాలి. కన్సోల్ నమ్మాలంటే అసలైన లైసెన్స్ కంట్రోలర్ ఒకటి డబ్బాకు తగిలి ఉండాలి. ఇదంతా అయ్యాక మొదలవుతుంది అసలు పని. గేమ్‌లో ట్రెయినింగ్ మైదానానికి పోయి గోడ ముందు నిలబడతాను. కుడి స్టిక్ మీంచి వేలు తీసేసి ఒక మ్యాగజైన్ మొత్తం కాలుస్తాను. గుళ్ల మచ్చలు పైకి పాకితే అంకె పెంచుతాను, కిందికి దిగితే తగ్గిస్తాను. తుపాకీకో అంకె. స్కోప్ మారిస్తే మళ్లీ చూసుకోవాలి, గ్రిప్ మారిస్తే మళ్లీ. సెన్సిటివిటీ ఒక్క మెట్టు కదిపినా పాత అంకెలన్నీ చెడతాయి. అప్‌డేట్‌లో వాళ్లు ఆ తుపాకీని మార్చారంటే మొదటికొస్తాం. కాలేజీ ల్యాబ్‌లో నాలుగేళ్లు కూచున్నా అర్థంకాని లూపూ, టైమరూ నాకు ఆ గోడ ముందే అర్థమయ్యాయి.

కుర్రాడి వాదంలో అన్నిటికన్నా బలమైన ముక్క ఇదేనని ఈ వ్యాసకర్త నమ్మకం. కొనుక్కున్న సుఖం వేరు, చేసుకున్న పని వేరు. తను రాసిన నాలుగు వరుసలు ఒక యంత్రం ప్రవర్తనను మార్చడం కళ్లారా చూసిన పిల్లవాడు ప్రోగ్రామింగ్‌ను మళ్లీ మర్చిపోడు. గుడివాడ బాబాయి కూడా దీన్ని కొట్టిపారేయలేదు.

గుడివాడ: నేర్చుకున్నావు, కాదనను. ఆ గోడ ముందు నువ్వు ఎంతసేపు ఉన్నా నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే గోడకు ర్యాంకు లేదు. లాబీలో ఎదురుగా ఉన్నవాడికి ఉంది. నీలాగా కూచుని రాసుకునేవాళ్లు ఎంతమంది? ఎక్కువమంది తయారుగా ఉన్న స్క్రిప్ట్ దింపుకుంటారు, లేకపోతే డబ్బులిచ్చి కొంటారు. ఇప్పుడు తుపాకీకో అంకె మార్చుకునే శ్రమ కూడా తగ్గిపోయింది. పీఎస్5 కంట్రోలర్‌లో ట్రిగ్గర్ బిగువు తుపాకీని బట్టి మారుతుంది గదా? ఆటగాడి వేలికి ఆ అనుభూతి రావాలని సోనీ పెట్టింది అది. ఆ బిగువు ఎంతుండాలో కన్సోల్ కంట్రోలర్‌కు చెప్పే సమాచారాన్ని మధ్యలో ఈ డబ్బా చదివేస్తుంది. చేతిలో ఏ తుపాకీ ఉందో దాన్నిబట్టి పోల్చి, రీకాయిల్ అంకె తనే మార్చేసుకుంటుంది. ‘గేమ్ గురించి దానికి తెలియదు’ అన్నావు. తెలుసుకుంటోంది.

బందరు: ఈ ఏడీటీ (అడాప్టివ్ ట్రిగ్గర్) స్క్రిప్టుల సంగతి మీకు తెలుసనుకోలేదు. సరే, ఆ పాయింటు మీదే. కానీ ఎదుటివాడు అన్యాయమైపోయాడంటున్నారు చూడండి, అక్కడ నాకు ఒప్పుదల లేదు. ఆట ఎప్పుడు సమానంగా ఉంది? మన పిల్లలు ఎక్కువమంది ఆడేది ఫోన్‌లో. ఐప్యాడ్ తెర నిష్పత్తి వల్ల పైనా కిందా ఎక్కువ మైదానం కనపడుతుంది. ‘ఐప్యాడ్ వ్యూ’ అని దానికి పేరు పెట్టి మరీ వాడుతున్నారు. ఖరీదైన ఫోన్‌లో సెకనుకు 120 ఫ్రేములు నడుస్తాయి, మన పదివేల ఫోన్ వేడెక్కి 40 దగ్గర ఆగుతుంది. కన్సోల్‌లో చూస్తే సోనీయే డ్యుయల్‌సెన్స్ ఎడ్జ్ అని మామూలుదానికి దాదాపు మూడింతల ధరకు ఒక కంట్రోలర్ అమ్ముతోంది. వెనకాల అదనపు బటన్లు, పొట్టి చేసుకోగల ట్రిగ్గర్లు. అది కొన్నవాడు స్టిక్ మీంచి వేలు తీయకుండానే దూకగలడు, నేను తీయాలి. డబ్బుతో కొన్న ఆధిక్యం న్యాయం, బుర్రతో రాసుకున్న ఆధిక్యం మోసమా?

గుడివాడ: ఇది గట్టి ప్రశ్నే. నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఐప్యాడ్‌ను ఫోన్లతో కలిపి ఆడించడం అన్యాయమేనని నేనూ అంటాను. నా పోటీల్లో ట్యాబ్లెట్లు వద్దంటే పిల్లలు పోట్లాడారు. అయినా ఒక తేడా ఉందిరా. ఎడ్జ్ కంట్రోలర్ వెనక బటన్ నొక్కాల్సింది నీ వేలే, ఒక నొక్కుకు ఒక పనే. పెద్ద తెర ఎక్కువ చూపిస్తుంది, చూసి స్పందించాల్సింది నువ్వే. నీ స్క్రిప్ట్ అలా కాదు. నువ్వు కదపని స్టిక్‌ను కదిపినట్టు చెబుతోంది. ఇంకొకడి స్క్రిప్ట్, ట్రిగ్గర్ ఒకసారి నొక్కి పట్టుకుంటే పదిసార్లు నొక్కి వదిలినట్టు చెబుతోంది. అంటే నీ చెయ్యి చెయ్యని పనిని చేసిందని కన్సోల్‌కు అబద్ధం చెబుతోంది.

మన సంక్రాంతి బండలాగుడు పోటీలు చూడు. రెండు పళ్ల గిత్తలకో విభాగం, నాలుగు పళ్లకో విభాగం, ఆరు పళ్లకో విభాగం, పెద్దవాటికి సీనియర్స్. విభాగంలో అన్ని జతలకూ అదే బండ, అదే సమయం. ఎన్ని అడుగులు లాగాయో టేపు పెట్టి కొలుస్తారు. ఒకడి గిత్తలు ఖరీదైన దాణా తింటాయి, ఒకడివి తినవు. దాన్ని ఎవరూ ఆపలేరు. కానీ బండ కింద ఎవడైనా చక్రాలు బిగిస్తే ఆ జతను బరిలోంచి పంపేస్తారు.

బందరు: అదే ఉదాహరణ నాకూ పనికొస్తుంది. పళ్లను బట్టి విభాగాలు పెట్టినప్పుడు పరికరాన్ని బట్టి ఎందుకు పెట్టకూడదు? ఫోర్ట్‌నైట్ ఎప్పుడో మొదలుపెట్టింది, ఏ పరికరంతో ఆడేవాళ్లను ఆ పరికరంవాళ్లతో కలపడం. వలరెంట్ 2024లో కన్సోల్‌కు వచ్చినప్పుడు మౌస్ ఇవ్వలేదు, పీసీవాళ్లతో కలపనూ లేదు. అది శుభ్రమైన పద్ధతి. మిగతా కంపెనీలు మాత్రం లాబీలు నిండాలని మౌస్‌వాణ్నీ స్టిక్‌వాణ్నీ ఒకే మైదానంలో తోసి, స్టిక్‌వాడికి ఎయిమ్ అసిస్ట్ ఇచ్చి సర్దుబాటు అన్నాయి. గురి శత్రువు దగ్గరికి రాగానే వేగం తగ్గించి, వాడు కదిలితే కాస్త తనంతట తనే తిప్పే సాయం అది. అదీ యంత్రం చేసే పనే! కంపెనీ రాసిన స్క్రిప్ట్ ముద్దు, నేను రాసింది చేదు.

గుడివాడ: కంపెనీ రాసింది స్టిక్ పట్టుకున్న ప్రతివాడికీ ఒకేలా వస్తుంది, అందరికీ తెలిసి వస్తుంది. దాన్ని కూడా దొంగిలించేవాళ్లున్నారు. ఎక్స్‌ఐఎం లాంటివి చేసేది అదే. మౌస్ కదలికను స్టిక్ కదలికగా తర్జుమా చేసి కన్సోల్‌కు ఇస్తే, అది కంట్రోలరే అనుకుని ఎయిమ్ అసిస్ట్ ఇచ్చేస్తుంది. చేతిలో మౌస్ ఖచ్చితత్వం, పైన స్టిక్‌వాడికివ్వాల్సిన సాయం, రెండూ ఒకడికే. 2023లో యూబీసాఫ్ట్ రెయిన్‌బో సిక్స్ సీజ్‌లో మౌస్‌ట్రాప్ అని పెట్టింది ఇందుకే. ఇలా ఆడేవాణ్ని పసిగట్టి బ్యాన్ చెయ్యలేదు, వాడి నొక్కుకూ తెరమీది పనికీ మధ్య ఆలస్యం పెంచుకుంటూ పోయింది. డబ్బా తీసేసి కొన్ని మ్యాచ్‌లు ఆడితే ఆలస్యం తగ్గేది. నాకు నచ్చిన శిక్ష అది.

బందరు: నాకూ నచ్చింది. కానీ దివిసీమలో కూచున్నవాడికి ఆ ఆలస్యం ఏ తప్పూ చెయ్యకుండానే ఉంది బాబాయ్! నాగాయలంకలో, కోడూరులో కరెంటు స్తంభాల మీదుగా వచ్చే ఫైబర్ వైరు, గాలివాన వస్తే తెగుతుంది. తర్వాత ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆడాలి. ముంబై సర్వర్‌కు వీడి నొక్కు చేరేసరికి ఎదుటివాడు గోడ చాటుకు పోయుంటాడు. అలాంటివాడు రీకాయిల్ అన్నా తగ్గించుకుంటే తప్పేంటి?

గుడివాడ: తప్పు సంగతి తర్వాత, ముందు లెక్క చూడు. పింగ్, అంటే ఆ ఆలస్యం, ఎక్కువైతే నీ గుండు తగిలిందో లేదో సర్వర్ ఆలస్యంగా తేలుస్తుంది. రీకాయిల్ నీ తెర మీదే, నీ యంత్రంలోనే జరుగుతుంది. స్క్రిప్ట్ వల్ల పింగ్ ఒక్క మిల్లీసెకను కూడా తగ్గదు. కోడూరువాడి జబ్బు ఒకటి, నువ్విచ్చే మందు ఇంకోదానిది. అదే మందు హైదరాబాద్‌లో మంచి ఫైబర్ మీద ఆడేవాడూ వేసుకుంటే కోడూరువాడు రెండింతలు నష్టపోతాడు.

కుర్రాడు ఇక్కడ వాదన పొడిగించలేదు. చాలామంది పల్లె ఆటగాళ్లు మనస్ఫూర్తిగా నమ్మే మాటే అయినా, పింగ్ పేరు చెప్పి స్క్రిప్టును సమర్థించడం నిలబడదు. కానీ అతను తర్వాత ఎత్తిన విషయం అంత తేలిగ్గా తేలేది కాదు.

బందరు: సరే, నన్ను వదిలేయండి. అవనిగడ్డ దగ్గర ఒకడున్నాడనుకోండి. నూర్పిడి మిషన్‌లో కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. కంట్రోలర్ పట్టుకోగలడు, స్టిక్ తిప్పగలడు, ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటూ అదే సమయంలో స్టిక్ కిందికి లాగలేడు. వాడికి ఈ డబ్బాలో ఒక స్క్రిప్ట్ వేసి, ఒకసారి నొక్కితే నొక్కి పట్టుకున్నట్టు, ఇంకోసారి నొక్కితే వదిలినట్టు చేసిస్తాను. కుడి వైపు బటన్లన్నీ ఎడమకు మారుస్తాను. వాడు మొదటిసారి స్నేహితులతో కలిసి ఒక మ్యాచ్ పూర్తి చేస్తాడు. మీ పోటీలో వాడు చీటరా?

గుడివాడ: కాదు. ఎవరడిగినా కాదనే చెబుతాను.

బందరు: మీరంటారు, కంపెనీలు అనవు. 2023 నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ ఏం చేసిందో తెలుసుగా? లైసెన్స్ లేని పరికరం తగిలిస్తే ఎక్స్‌బాక్స్ తెర మీద 0x82d60002 అని ఎర్రర్ చూపించి, రెండు వారాలు గడువిచ్చి ఆపేసింది. చీటర్లను ఆపడానికి వేసిన వలలో ఫైటింగ్ గేమ్‌లు ఆడేవాళ్ల ఆర్కేడ్ స్టిక్కులు చిక్కుకున్నాయి, శరీరానికి తగ్గట్టు కంట్రోలర్లు మార్పించుకున్న దివ్యాంగులు భయపడ్డారు. 2024 జనవరిలో పీఎస్5 అప్‌డేట్ తర్వాత జెన్ పనిచేయలేదు. క్రోనస్‌వాళ్లు కొన్నాళ్లకు వేరే దారి వెతికారు. చీటర్ ఎప్పుడూ వేరే దారి వెతుక్కుంటాడు. వెతుక్కోలేనివాడు అవనిగడ్డవాడే.

గుడివాడ: ఆ వల నాకూ నచ్చలేదు. అయితే కంపెనీలన్నిటినీ ఒకే గాటన కట్టకు. 2018లో మైక్రోసాఫ్టే ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చింది. రెండు పెద్ద మెత్తలు, వెనకాల వరసగా పోర్టులు. కాలితో నొక్కే స్విచ్చయినా, గడ్డంతో నొక్కేదైనా తగిలించుకోవచ్చు. సోనీ 2023 డిసెంబర్‌లో యాక్సెస్ కంట్రోలర్ తెచ్చింది. అన్నిటికన్నా నాకు తెలివైన మాట అనిపించింది డెస్టినీ 2 చేసిన బంగీ వాళ్లది. వాళ్లూ 2023లోనే ఒక గీత గీశారు. ఆట ఆడలేనివాడు ఆడగలగడానికి బయటి పరికరం వాడుకోవచ్చు. ఆటలో అందరికీ ఉన్న కష్టాన్ని తగ్గించుకోవడానికి, అంటే రీకాయిల్ తగ్గించడానికో ఎయిమ్ అసిస్ట్ పెంచడానికో వాడితే మాత్రం చర్య తప్పదు. నువ్వు అవనిగడ్డవాడికి చేసిన నొక్కు-వదులు స్క్రిప్ట్ ఆ గీతకు ఇవతల, నీ ఇరవై రెండు అవతల.

బందరు: మరి వాడు స్టిక్ కిందికి లాగలేడన్నానే? రీకాయిల్ స్క్రిప్ట్ వాడికీ కావాలి. ఇప్పుడు అదే ఇరవై రెండు గీతకు ఎటువైపు?

బాబాయి జవాబు కాస్త ఆగి వచ్చింది. ఈ ఒక్క ప్రశ్న ముందు బంగీ గీత కూడా వణుకుతుంది. ఒకే అంకె ఒకడికి ఊతకర్ర, ఒకడికి దొడ్డిదారి. డబ్బా లోపలికి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తేడా తెలియాలంటే ఆటగాణ్ని చూడాలి, అడగాలి. ఆన్‌లైన్‌లో కోట్లమందితో నడిచే ఆటలో కంపెనీ ఆ పని చేయలేదు. ఒక కాలేజీ హాల్లో పోటీ పెట్టే మనిషి చేయగలడు.

గుడివాడ: వాడు నా ముందుకు వచ్చి చెబితే ఆడిస్తాను. ఎంత అంకె పెట్టాలో నువ్వూ నేనూ వాడూ కూచుని చూసుకుంటాం, మిగతా స్క్వాడ్లకు కూడా చెబుతాం. నా అభ్యంతరం దాచడం మీద. కాల్ ఆఫ్ డ్యూటీవాళ్ల యాంటీ-చీట్ రికోషే 2023 ఏప్రిల్‌లో ఈ డబ్బాలను పట్టుకోవడం మొదలుపెట్టినప్పుడు ముందు తెర మీద హెచ్చరిక ఇచ్చింది, మానకపోతే బ్యాన్ అంది. హెచ్చరిక చూసి మానేసినవాడు ఉన్నాడు. హెచ్చరిక చూసి, స్టిక్ లాగుడు ప్రతిసారీ ఒకేలా కనపడకుండా అంకెను ఇరవైకీ ఇరవై నాలుక్కీ మధ్య తిప్పే స్క్రిప్ట్ వెతికినవాడూ ఉన్నాడు. ఆ రెండోవాడికి తను చేసేది ఏంటో బాగా తెలుసు.

2018 అక్టోబర్ గుర్తుందా? షాంఘైలో ఎక్స్‌ట్రీమ్స్‌ల్యాండ్ టోర్నీ. ఆప్టిక్ ఇండియా ఆటగాడి కంప్యూటర్‌లో మ్యాచ్ మధ్యలో నిర్వాహకులు గురి తనే పెట్టే ఎయిమ్‌బాట్ పట్టుకున్నారు, ఫైలుకు వర్డ్ అని పేరు పెట్టి దాచాడు. జట్టును పోటీలోంచి తీసేశారు, ఆ సంస్థ జట్టునే రద్దు చేసింది, ఈ-స్పోర్ట్స్ ఇంటెగ్రిటీ కమిషన్ అతన్ని ఐదేళ్లు నిషేధించింది. పక్కన కూచున్న నలుగురూ ఏం పాపం చేశారు? ఇండియా కుర్రాళ్లు బయట ఏ టోర్నీకి పోయినా కొన్నాళ్లు ఆ మాట వినాల్సి వచ్చింది.

బందరు: ఎయిమ్‌బాట్ వేరు బాబాయ్, నా డబ్బా వేరు. ఆ రెంటినీ కలపొద్దు.

గుడివాడ: నేరంలో కలపను. నష్టపోయినవాళ్ల లెక్కలో కలుపుతాను. స్క్వాడ్‌లో ఒకడు డబ్బా తెస్తే నలుగురి ఐడీలూ అనుమానంలో పడతాయి.

బందరు: దానికి సమాధానం లేదు. ఒప్పుకుంటాను. కానీ దక్షిణ కొరియాలా చట్టం తెమ్మంటారా? అక్కడ 2016లో చట్టం సవరించి, చీట్ ప్రోగ్రాములు తయారుచేసి పంచినవాడికి ఐదేళ్ల దాకా జైలు పెట్టారు. ఆ లెక్కన గోడ ముందు కూచుని లూపులు నేర్చుకున్న నేను కూడా బోనులో నిలబడాలి.

గుడివాడ: పిల్లల్ని జైలుకు పంపే చట్టం నేనడగను. మన దగ్గర 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేల ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను పోటీ క్రీడగా గుర్తించింది. ఎంట్రీ ఫీజు, ప్రైజ్ మనీ పెట్టుకోవచ్చంది. క్రీడ అని పేరు వచ్చాక నిబంధనల పుస్తకం ఉండాలి. ఇప్పుడు మన ఫారాల్లో పేరు, ఫోన్ నంబరు, గేమ్ ఐడీ తప్ప ఏమీ లేవు. నా తర్వాతి పోటీకి ఇంకో రెండు వరుసలు పెడుతున్నాను. ఏ పరికరంతో ఆడతావు? మధ్యలో ఏదైనా తగిలించావా, ఎందుకు?

బందరు: నిజం రాసినవాణ్ని గేటు దగ్గరే పంపేస్తే ఇంకెవడూ రాయడు. రాసినవాళ్లకు వేరే విభాగం పెట్టండి. నేను నా స్క్రిప్ట్ ప్రొజెక్టర్ మీద చూపించి మరీ ఆడతాను. ఎవరి స్క్రిప్ట్ బాగుందన్నదే పోటీ.

గుడివాడ: నాలుగు స్క్వాడ్లు వస్తే పెడతాను. కానీ మామూలు విభాగంలో నీకు ఆ డబ్బాతో చోటు లేదు. ర్యాంకు లాబీలో నువ్వు చెప్పకుండా వాడితే నా దృష్టిలో అది మోసమే.

బందరు: ర్యాంకు లాబీలో చెప్పే గడి ఎక్కడుంది బాబాయ్? వాళ్లు పెట్టలేదు. పెట్టేదాకా నా మీద మాత్రమే వేలు చూపిస్తే ఒప్పుకోను.

ఇద్దరూ ఇంతకంటే దగ్గరకు రాలేదు. ఈ వ్యాసకర్త మొగ్గు మాత్రం బాబాయి వైపే. గడి లేకపోవడం కంపెనీ లోపం, కానీ ఆ లోపానికి మూల్యం చెల్లించేది మ్యాచ్‌లో ఎదురుపడిన ముక్కూమొహం తెలియని మరో కుర్రాడు. కృష్ణా డెల్టా కాలేజీల్లో ఈ-స్పోర్ట్స్ పోటీలు పెట్టేవాళ్లు కంపెనీల కోసం ఎదురుచూడకండి. ఏ పరికరాలు చెల్లుతాయో, ఏవి చెల్లవో, అవసరం ఉన్నవాళ్లు ఎవరికి చెప్పుకోవాలో తెలుగులో ఒక కాగితం మీద రాయండి. మొదటి మ్యాచ్‌కు వారం ముందే నోటీసు బోర్డులో పెట్టండి.